బూడిదేసినావా?

అప్ప పోయిందని ఫోనులో చెప్పగానే నాకు ఏడుపు రాలేదు. చిరాకు వచ్చింది. ఎంత చిరాకంటే, అటువైపు మాట్లాడుతున్న ఆమె కోడలిని "ఎలా పోయింది?" అని అడగాల్సింది పోయి "ఇప్పుడా?" అనేశాను. పాపం, ఆ పిల్ల ఏమనుకుందో. అప్పతో నేను తేల్చుకోవాల్సిన తగువు ఒకటి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అంటూ నెట్టుకొచ్చాను. ఆమె ఆగలేదు. ఎవరికోసమూ ఆగే మనిషి కాదసలు. ఒక్క పెంట విషయంలోనే ఏడాది ఆగండి, ఏడాది ఆగండి అని అందరి ప్రాణాలూ తీసేది.

అప్ప అంటే మా ఉత్తరాంధ్రలో అక్క. ఆమె నాకేమీ అక్క కాదు. భీమిలి రోడ్డు పక్కన పల్లెలో, సముద్రం మీద వేటకి వెళ్ళేవాళ్ళ ఇంటి మనిషి. పల్లెలో పసిపిల్లలకీ అప్పే, పళ్ళూడిన ముసలివాళ్ళకీ అప్పే. మా ఆఫీసు మస్టర్ రోల్లో వేరే పేరుండేది. అది నేనిక్కడ రాయను. రాస్తే ఎక్కడున్నా లేచొచ్చి "నా పేరుతో నీకేటి పని" అని నిలేస్తుంది. ఆ గొంతు ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు అనుకునేదాన్ని. ఇప్పుడు వినిపిస్తే బాగుండునని ఉంది, అది వేరే సంగతి.

తొంభైల చివర్లో నేను ఒక సర్కారీ ఆఫీసులో జూనియర్ ఇంజినీరుని. ఊరికి దూరంగా, కొండకీ సముద్రానికీ మధ్య సరుగుడు తోటల పక్కన మా ఆఫీసు ఒక పార్కు కట్టింది. దాని పనులు నాకు అప్పజెప్పారు. ఆ రోజుల్లో సైటు మీదికి వెళ్ళే ఆడ ఇంజినీరు మొట్టమొదట నేర్చుకునే విద్య దాహం చంపుకోవడం. పొద్దున్న ఏడింటికి మద్దిలపాలెంలో బస్సెక్కేముందు అర గ్లాసు కాఫీ తాగేదాన్ని. మళ్ళీ మంచినీళ్ళు సాయంత్రం ఇంటికొచ్చాకే. మగ ఇంజినీర్లకి ఏ గోడైనా గోడే, ఏ చెట్టైనా చెట్టే. నేను మాత్రం ఎండలో నిలబడి, పెదాలు తడుపుకుంటూ, కొలతలు రాసుకునేదాన్ని.

ఆ పార్కులో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. కొళాయి లైను వచ్చే ఆశ లేదు. అందుకని పైనుంచి ఒక డ్రాయింగు వచ్చింది, నీళ్ళు అక్కర్లేని మరుగుదొడ్డిది. ఆరు మెట్లెక్కితే గది. గది కింద రెండు అరలు. మొదటి అర నిండేదాకా దాన్నే వాడాలి. నిండాక సీలు వేసి రెండో అరకి మారాలి. సీలు వేసినదాన్ని ఏడాదిపాటు ముట్టుకోకూడదు. వెళ్ళినవాళ్ళు ప్రతిసారీ రెండు డబ్బాల బూడిద వేసి, లోపలికి తడి తగలకుండా చూస్తే, ఏడాదికి అదంతా మట్టైపోతుంది. కంపు ఉండదు, ఈగ ఉండదు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

ఆ కాగితం ఎక్కడో చలిదేశంలో కొండల మీదికి షికారు వెళ్ళేవాళ్ళ కోసం గీసింది. వాళ్ళు కాగితంతో కానిచ్చేస్తారు. మనకి నీళ్ళు లేనిదే పని పూర్తయినట్టే ఉండదు కదా. ఈ ముక్క ఆ డ్రాయింగు మీద సంతకాలు పెట్టిన ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఏడో సంతకం నాది.

తలుపు మీద నీలం రంగు బోర్డు పెట్టించాం, "నీరు వాడరాదు" అని. నెల తిరక్కుండానే మెట్ల దగ్గరికి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సొచ్చింది. వచ్చినవాళ్ళంతా సీసాలతో నీళ్ళు తీసుకెళ్ళి, కడుక్కుని, శుభ్రంగా ఉండాలి కదా అని మిగిలిన నీళ్ళు కూడా అందులోనే కుమ్మరించి వస్తున్నారు. అర కాస్తా ఊబి అయిపోయింది. మా ఆఫీసు వెంటనే గట్టి చర్య తీసుకుంది. బోర్డు పెద్దది చేసి, మొదట్లో "దయచేసి" అని చేర్చింది.

అప్పను దానికి కాపలా పెట్టారు. మోకాలు పాడై, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడవలేకపోతోందని రోజుకూలీ మీద తీసుకున్నారు. చేరిన మూడోరోజు ఆ కొత్త బోర్డు ఎదురుగా నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది. ఏమిటలా చూస్తున్నావంటే, "బోర్డుకి ముడ్డి నేదు మేడం. అందుకే అలాగ రాసీసింది" అంది.

మర్యాదగా మాట్లాడమన్నాను. ఆమె నోట్లోంచి చుట్ట తీసి, నాకేసి జాలిగా చూసి, మళ్ళీ పెట్టుకుంది. ఆ చుట్ట సంగతి కూడా చెప్పాలి. అడ్డపొగ తాగేది, అంటే కాలుతున్న కొసను నోట్లోపల పెట్టుకుని. మాట్లాడుతూ కూడా తీసేది కాదు. మాటకీ మాటకీ మధ్య ముక్కుల్లోంచి పొగ వచ్చేది. నేను చెప్పేవన్నీ ఆ పొగలో కలిసిపోతున్నట్టుండేది. చివరికి ఆ చుట్ట నుసి కూడా కింద పారెయ్యకుండా తెచ్చి బూడిద డబ్బాలో రాల్చేది.

బూడిద దగ్గర ఆమె మహా పట్టింపు మనిషి. టీకొట్టు పొయ్యిలోదీ, పల్లెలో ఇళ్ళలోదీ సేకరించి తెచ్చి జల్లెడ పట్టేది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది సరుగుడు బూడిద, మంచిది. ఇది టైరు కాల్సింది, పారీ" అనేది. చేప తోమేటప్పుడు జారకుండా బూడిద పట్టించే చేతులు కదా, వాటికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. నేను బూడిదకి స్పెసిఫికేషను ఏమీ లేదని చెబితే, "మరేటి సదివినావు?" అని అడిగింది.

ఇక వాడేవాళ్ళని పెట్టిన బాధ చెప్పనలవి కాదు. మెట్ల దగ్గర పీట వేసుక్కూచుని సీసాలన్నీ లాక్కునేది. తలుపు మూసుకోగానే చెవి ఒగ్గి వినేది. బూడిద పడిన చప్పుడు రాకపోతే, లోపలున్నది ఎంతటివారైనా సరే, పార్కంతా వినబడేలా "బూడిదేసినావా?" అని కేకేసేది. కొత్తగా పెళ్ళైనవాళ్ళుండేవారు, కాలేజీ మేష్టర్లుండేవారు, సూట్లు వేసుకున్నవాళ్ళుండేవారు. లోపల్నుంచి బిక్కచచ్చిన గొంతుతో "ఏశాను" అని వచ్చేది. "ఒకటే ఏసినావు. ఇంకోటెయ్యి." కాపలా మనిషి అసభ్యమైన ప్రశ్నలు అడుగుతోందని మా ఆఫీసుకి ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఉత్తరానికీ నేను జవాబు రాయాలి. ఏమని రాయను? అయ్యా, ఆ ప్రశ్న సాంకేతికమైనది అని రాయనా?

ఇదంతా జరుగుతున్నా నేను ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. ఒకరోజు ఎండకి కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. అప్ప వచ్చి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. వద్దన్నాను.

"నువ్వు నీల్లు తాగవేటి మేడం? మూడు నెల్లయి సూత్తన్నాను."

"దాహం లేదు."

"దాహం నేకేటి. ఎల్లడానికి సోటు నేదని తాగవు. నాకు తెల్దా? నానూ ఆడదాన్నే." పక్కకి తిరిగి ఆ గది చూపించింది. "నువ్వు కట్టిందే గదా. నువ్వే ఎల్లవా?"

ఒళ్ళు మండిపోయింది. చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసి, మొండితనం కొద్దీ గంట ఆగి, లేచి మెట్లెక్కాను. ఆమె పీట మీంచి లేచి దూరంగా వెళ్ళి నిలబడింది. పని అయింది. నా సంచీలో సీసా ఉంది. అలవాటు కొద్దీ కడుక్కున్నాను, అలవాటు కొద్దీ మిగిలిన నీళ్ళు కూడా అందులోనే వంచేశాను. వంచేశాక గుర్తొచ్చింది.

బయటికొచ్చేసరికి అప్ప తల అడ్డంగా ఊపుతోంది. ఏమీ దాచలేం ఆమె చెవుల దగ్గర.

"ఇంజినీరమ్మే పోసీసింది. ఇంకెవులికని సెప్తాం."

సిగ్గుతో చచ్చాను. ఆమె తిట్టలేదు, అదే ఇంకా ఘోరం. పీట మీద కూర్చుని తీరిగ్గా చెప్పింది. "నీల్లొద్దంటే కుదర్దు మేడం. మనోల్లు సచ్చినా కడక్కుండా రారు. ఎల్లేది ఒక సోట, కడుక్కునేది ఇంకో సోట అనుండాల. రెండడుగులు ముందుకి జరిగి కడుక్కోమంటే ఎవులైనా జరుగుతారు. అక్కడో బండెయ్యి, బయటికో గొట్టం ఎట్టు. ఆ నీల్లకి అరిటిసెట్లెయ్యి. బోర్డు పీకీ."

ఎస్టిమేటు రాసి పంపుతానన్నాను. నిజంగానే పంపాను. అది పైకి వెళ్ళి, కిందికొచ్చి, మళ్ళీ పైకి వెళ్ళింది. రెండు నెలలు చూసి, ఒక ఆదివారం అప్ప కొడుకుల్ని తీసుకొచ్చి, గునపంతో మా ఆఫీసు గోడకి కన్నం పెట్టించి, బండ వేయించి, గొట్టం బిగించేసింది. ప్రభుత్వ కట్టడాన్ని అనుమతి లేకుండా పగలగొట్టినందుకు సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలాగ. నేను వెళ్ళి నోరు నొప్పెట్టేదాకా అరిచాను. ఆమె అంతా విని, "అరిసినావు గదా, దాహమేసుంటాది, తాగు" అని చెంబు అందించింది.

ఆ ఊబి అరను మూయించేసి రెండో అర తెరిచాం. నెలలు గడిచాయి. కంపు రాలేదు. ఈగ వాలలేదు. అరటి పిలకలు నడుమెత్తు లేచాయి. ఇక అప్పట్నుంచి సైటుకి వెళ్ళిన ప్రతిరోజూ నేను నీళ్ళు తాగాను. ప్రతిరోజూ ఆ ఆరు మెట్లెక్కాను. ప్రతిరోజూ, నేను ఇంజినీరునని కూడా చూడకుండా, బయట్నుంచి ఆ ప్రశ్న పడేది. "ఏశాను అప్పా" అనేదాన్ని పళ్ళు నూరుకుంటూ. ఉద్యోగంలో చేరాక నా ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజులు అవే. ఆ మాట అప్పుడు ఆమెకి చెప్పలేదు.

ఇలా సవ్యంగా నడుస్తుంటే ఇంకో ఫిర్యాదు వచ్చింది. పార్కు తెరిచేది తొమ్మిదింటికి. కానీ తెల్లవారకుండానే వెనక గేటు తెరుచుకుంటోందని, పల్లె ఆడవాళ్ళు వచ్చిపోతున్నారని ఎవరో రాశారు. టిక్కెట్టు కొన్న సందర్శకులకే అని రూలు. విచారించి రిపోర్టు ఇమ్మన్నారు. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి తూర్పున ఎరుపు ఇంకా రాలేదు. మెట్ల దగ్గర పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఒక పిల్ల నిండు చూలాలు, గోడకి ఆనుకుని ఉంది. అది అప్ప కోడలు. అప్ప చెంబులు నింపి అందిస్తోంది. నన్ను చూసి బెదరలేదు సరికదా, "ఎనక్కెల్లి నిలబడు మేడం, లైనుంది" అంది.

పక్కకి పిలిచి గట్టిగానే అడిగాను, ఇది ఎవరి సొమ్మనుకుంటున్నావని.

"ఆ రాల్లెనకాల మాది సోటు" అంది సముద్రం వైపు చూపించి. "మాయమ్మ ఎల్లింది, నానెల్లినాను. మీరొచ్చి కంచేసినారు. పోనీలే అనుకున్నాం. పెద్ద పెద్ద లైట్లేసినారు. ఎలుతురు మీకు బాగుంటాది మేడం. మాకు సీకటే తలుపు. ఆ తలుపు మీరు పీకీసినారు. మరింకెక్కడికెల్తారు ఈల్లు? నువ్వేనా సెప్పు."

ఆ లైట్ల స్తంభాలు నాటించింది నేనే. ఎన్ని, ఎంతెంత దూరాన, ఏ ఎత్తున అన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ వెలుతురు ఎవరి మీద పడుతుందో మాత్రం లెక్కలో లేదు. రిపోర్టులో "ఫిర్యాదు నిర్ధారణ కాలేదు" అని రాశాను. ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. దానికి ఇప్పటికీ విచారం లేదు. రెండో అబద్ధం చెప్పానే, దాని గురించే ఈ గొడవంతా.

ఫిర్యాదులన్నీ కలిసి పెద్ద ఫైలయ్యాయి. చివరికి మా పెద్దాఫీసరే తనిఖీకి వస్తానన్నాడు. దీన్ని ఉంచాలా, కూల్చి టైల్సు వేసిన ఫ్లష్షు దొడ్డి కట్టాలా అన్నది ఆరోజే తేలుస్తానన్నాడు. అంతకు కొన్నాళ్ళ ముందే మొదటి అరకి ఏడాది దాటింది. మొదట్లో ఊబి అయిందన్నానే, అదే. నీరంతా ఇంకిపోయాక అప్ప మళ్ళీ బూడిదా రంపపు పొట్టూ కలిపి, సీలు వేసి కూర్చుంది. మధ్యలో మా ఆఫీసులో ఒకాయన ఎవరినైనా దింపి తీయించేద్దామంటే ఆయన మీదికి ఇంతెత్తున లేచింది. "ఆగితే మట్టి బాబూ. మట్టినెవులైనా ఎత్తుతారు, నువ్వూ ఎత్తుతావు. ఆగనేకే గదా మనిసి సేత పెంటెత్తిత్తారు." ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

తనిఖీకి ముందురోజు నేను ఆమెకి దండం పెట్టినంత పని చేశాను. అప్పా, రేపు ఒక్కరోజు నోరు కట్టేసుకో, అన్నీ నేను చెబుతాను, నువ్వు ఆయన చూపించమన్నది చూపించు చాలు అన్నాను. సరే సరే అంది. ఆమె సరే అందంటేనే నాకు భయం వెయ్యాల్సింది.

పెద్దాఫీసరు వచ్చాడు, వెనక పదిమంది. అందరూ మగవాళ్ళే. మెట్లు చూశాడు, బండ చూశాడు, గొట్టం చూశాడు. ముక్కు ఎగబీల్చాడు, ఏమీ రాలేదు. అరటిగెల చూసి ముచ్చటపడ్డాడు. అప్పటికి నా గుండె కాస్త కుదురుకుంది. సీలు తీసిన అరలోంచి అప్ప దోసెడు నల్లమట్టి తెచ్చింది. పొడిపొడిగా, వాన పడ్డ తోటలో మన్నులా ఉంది. ఆయన చేతిలోకి తీసుకున్నాడు, నలిపాడు, వాసన కూడా చూశాడు.

"బాగుందే. ఎక్కడిదమ్మా ఈ మట్టి?"

నేను నోరు తెరిచేలోగా అప్ప చుట్ట తీసి, ఎంతో వినయంగా చెప్పింది. "నిరుడొచ్చిన పెద్దమనుసులు, బాబూ."

ఆయనకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మట్టి విదిలించి చెయ్యి దూరంగా పెట్టుకున్నాడు. వెనక ఇద్దరు దగ్గు వచ్చినట్టు నటించారు. ఎవరో నీళ్ళసీసా అందిస్తే కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. మొహం ఎర్రబడింది. అప్పుడు నావైపు తిరిగాడు.

"మీరు చెప్పండమ్మా. ఇంజినీరుగా వద్దు. ఒక ఆడమనిషిగా చెప్పండి. మీరెప్పుడైనా దీన్ని వాడారా?"

పదిమంది మగవాళ్ళూ నావైపు చూశారు. ఆ చూపుల్లో నేను మెట్లెక్కడం, తలుపేసుకోవడం, కూర్చోవడం అన్నీ ఉన్నట్టనిపించింది. అప్ప కూడా నావైపు చూసింది. ఆమె మొహంలో దిగులు అన్నదే లేదు. జవాబు తెలిసిన ప్రశ్న కదా. ఏడాదికి పైగా రోజూ నాకు చెంబు అందించిన మనిషి కదా.

"లేదు సార్" అన్నాను.

"కట్టిన మీరే వాడనిది జనం ఎందుకు వాడతారు?" అన్నాడాయన. ఫైలు మూశాడు. కారెక్కాడు.

అప్ప కింద పడ్డ మట్టిని చేత్తో పోగుచేసి తీసుకెళ్ళి అరటి మొదట్లో వేసింది. వారంలో ఆర్డరు వచ్చింది. గది కూల్చారు. టైల్సు వేసి, అద్దం పెట్టి, పైన ట్యాంకు ఎక్కించి కొత్తది కట్టారు. ప్రారంభం రోజున లారీ ట్యాంకరుతో నీళ్ళు పోశారు. ఆ ట్యాంకరు మళ్ళీ రాలేదు. నెలకల్లా దానికి తాళం పడింది, అప్ప ఉద్యోగమూ పోయింది. పల్లె ఆడవాళ్ళు మళ్ళీ రాళ్ళ వెనక్కి, ఈసారి లైట్లు అందనంత దూరం వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ వానల్లో అప్ప కోడలు పాచిరాళ్ళ మీద జారి ముంజేయి విరగ్గొట్టుకుందని, అప్పటికి చంటిపిల్లకి ఇంకా ఏడాది కూడా నిండలేదని, తర్వాత తెలిసింది.

ఆపైన రెండేళ్ళపాటు అప్ప నెలకోసారి మా ఆఫీసుకి అర్జీ పట్టుకుని వచ్చేది. ఆ దొడ్డి మళ్ళీ కట్టమని. అర్జీ ఇచ్చి తిన్నగా వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళేది కాదు. నా బల్లకి ఎదురుగా బెంచీ మీద కూర్చుని, లేచి వెళ్ళేటప్పుడు ఒకే మాట అడిగేది. "మేడం, నీల్లు తాగినావా?" ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎత్తిపొడుపో, ప్రేమో తెలిసేది కాదు. తాగాను వెళ్ళు అనేదాన్ని తలెత్తకుండా. నిజానికి ఆ దొడ్డి పోయాక తాగడం మళ్ళీ మానేశాను. తర్వాత నాకు బదిలీ అయింది. మూత్రపిండాల్లో రాళ్ళు పడి ఆపరేషనూ అయింది. నీళ్ళు ఎందుకు తాగలేదమ్మా అని డాక్టరు కేకలేస్తుంటే నవ్వొచ్చింది.

ఇన్నేళ్ళూ నా తగువు ఏమిటంటే, నువ్వు ఆ పెద్దమనుషుల మాట ఒక్కటి మింగి ఉంటే మన దొడ్డి నిలబడేది కదా అని. ఎంతమందికి చెప్పుకున్నానో. ఒకామె ఉండేది, నోటిదూలతో చేజేతులా పాడుచేసుకుంది అని నవ్వుతూ చెప్పేదాన్ని. ఆ కథలో "లేదు సార్" అన్న ముక్క ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు.

పదకొండో రోజున పల్లెకి వెళ్ళాను. ఇంటిముందు షామియానా వేసి ఉంది. అప్ప కొడుకులు, వేటవాళ్ళు, పల్లె పెద్దలు, ఓ ముప్పై మంది మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. దారి ఇచ్చి, మేడం గోరొచ్చినారని నాకూ కుర్చీ వేశారు. కోడలు స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు పట్టుకున్న ముంజేయి కొద్దిగా వంకర తిరిగి ఉంది. నీళ్ళు ఒక్క గుక్క మిగల్చకుండా తాగాను.

"మా అత్త మిమ్మల్ని తలిసేది మేడం" అంది ఆ అమ్మాయి. "మొన్నొకసారి కూడా అడిగింది, ఇంజినీరమ్మ ఎక్కడుందో, నీల్లు తాగుతందో నేదోనని."

కాసేపు కూర్చున్నాను. మగవాళ్ళు వలల గురించీ డీజిలు గురించీ మాట్లాడుకుంటున్నారు. కడుపు బరువెక్కింది. మామూలుగా అయితే ఇంటికెళ్ళేదాకా ఓర్చుకునేదాన్ని, ఆ విద్యలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం. లేచి నిలబడ్డాను. కోడలిని పక్కకి పిలవలేదు, గొంతు తగ్గించలేదు.

"అమ్మాయ్, నేను దొడ్డికి వెళ్ళాలి. అప్ప కట్టినది ఏదైనా ఉందా?"

ముప్పై తలలు నావైపు తిరిగాయి. తిరగనీ. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవులు వేడెక్కాయి, కాని కింద పడి చచ్చిపోలేదు.

"ఉంది మేడం" అంది కోడలు. ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. పాత పడవ చెక్కలతో గది, ఆరు మెట్లు, కింద రెండు అరలు, ఒకటి మట్టితో మెత్తి మూసి ఉంది. పక్కన అరటి గుబురు. వీధిలో ఆడవాళ్ళందరూ దీనికే వస్తారట. సర్కారు కట్టించిన గోతుల దొడ్లు సముద్రం పక్కన కదా, వానాకాలంలో ఊరిపోయి పైకి పొంగుతాయట. ఇది పొంగదు.

లోపల అంతా ఎక్కడుండాల్సింది అక్కడుంది. రెండడుగులు ముందుకి బండ, గోడకి గొట్టం, మూలన రేకుడబ్బాలో జల్లెడ పట్టిన బూడిద. వేళ్ళ మధ్య నలిపి చూశాను. సరుగుడుదే.

బయటికొచ్చేసరికి కోడలు కాస్త దూరంగా, తల వంచుకుని నిలబడి ఉంది. నెమ్మదైన పిల్ల. ఎవరినీ ఏమీ అడిగే రకం కాదు.

"రెండు డబ్బాలు వేశాను" అని నేనే చెప్పాను.